కన్నార్పని తలలు, కళ లేని కూడళ్లు

సమకాలీన కళలో మానవదేహం అనగానే మన విమర్శకుల చూపు లండన్ మీదికి పోతుంది. అక్కడి శిల్పి మార్క్ క్విన్ తన ఒంట్లోంచి విడతలుగా తీయించిన దాదాపు నాలుగున్నర లీటర్ల రక్తాన్ని తన తల అచ్చులో గడ్డకట్టించి 1991లో ‘సెల్ఫ్’ చేశాడు. ఫ్రీజర్ ఆగితే కరిగిపోయే తల. గట్టి పనే. కానీ అంతకన్నా పెద్ద సాహసం సూర్యాపేటలో పుట్టి, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో శిల్పకళ బోధించిన జి. రవీందర్ రెడ్డిది.

ఆయన చేసిన స్త్రీల తలల్లో మనిషి ఎత్తును మించినవీ ఉన్నాయి. నిండు పెదవులు, పూలు తురిమిన కొప్పు, బంగారు మెరుపు, విప్పారిన కళ్లు. ఆ కళ్లు మనకు కొత్తవా? గ్రామదేవత రాయికి అతికించే వెండి కళ్లవి. గుడిలో నేత్రోన్మీలనం, అంటే కళ్లు తెరిపించే తంతు, అయ్యేదాకా విగ్రహం శిలే. ఆ తంతు ఇచ్చే హోదాను రవీందర్ రెడ్డి సంతలో, బస్టాండులో ఎదురయ్యే ఆడవాళ్ల ముఖానికి ఇచ్చారు. ఆ తల ముందు నిలబడితే చూపు దించుకోవాల్సింది మనమే.

అంత తలను కంచులో పోస్తే క్రేన్ కావాలి. ఆయన తలలు ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌వి, అంటే గాజు పీచు కలిపిన ప్లాస్టిక్‌వి. అది కంచుకన్నా చాలా తేలిక కాబట్టి మనుషులే మోయొచ్చు. అలాగని పని తేలిక కాదు. ఇనుప చట్రం మీద బంకమట్టితో తల పూర్తిచేసి, దానిమీద ప్లాస్టర్ అచ్చు ముక్కలుగా తీయాలి. కొప్పు పూల సందుల్లో అచ్చు ఇరుక్కుంటుంది, అక్కడ ముక్కలు పెంచాలి. ఆరిన అచ్చుకు లక్క, మైనం పట్టించి, రెజిన్ (గట్టిపడే జిగురు ద్రవం) పూసి, గాజు మ్యాట్ (గాజు పీచు పరుపు) పరిచి, రోలర్‌తో గాలి తీయాలి. గాలి మిగిలిందా, పొర ఉబ్బి ఊడుతుంది. 100 గ్రాముల రెజిన్‌కు హార్డనర్ (దాన్ని గట్టిపరిచే రసాయనం) 1–2 గ్రాములే. తగ్గితే జిగురు వదలదు, పెరిగితే వేడెక్కి పగులుతుంది. త్వరగా గట్టిపడటానికి రెజిన్‌లో వేసే కోబాల్ట్‌ను హార్డనర్‌తో నేరుగా కలిపితే మంటలే.

ఒకే ముఖాన్ని తిప్పి తిప్పి చేస్తున్నారని అంటారు కొందరు. అమ్మవార్ల ముఖాలూ ఒక పోలికలోనే ఉంటాయి. దానివల్ల ఏ ఊరి అమ్మవారికీ మహిమ తగ్గలేదు.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఇదే రెజిన్, ఇదే బంగారు రంగు మన కూడళ్లలోనూ నిలబడి ఉన్నాయి. చెయ్యెత్తిన నాయకులు, ఒకే భుజాలు, ఒకే పంచె మడతలు, తల మాత్రం వేరు. ముందునుంచి తీసిన ఒక్క ఫొటో చేతికిచ్చి జయంతి నాటికి విగ్రహం కావాలంటే శిల్పి ఏం చేస్తాడు? ఉన్న మొండేనికి కొత్త తల అతికిస్తాడు. పక్కనుంచి చూస్తే ముక్కు ఎవరిదో తెలియదు. మన ఊళ్లలో ఎక్కువమంది రోజూ చూసే శిల్పాలు ఇవే. మనిషి ఒళ్లంటే ఇంతేనని పిల్లలకు నేర్పుతున్నవీ ఇవే.

విగ్రహాల టెండర్లలో ఎత్తు, ధర, గడువు రాస్తారు. మట్టి నమూనాకు కనీసం రెండు నెలలు, అచ్చు తీయకముందు నలువైపులా శిల్పుల పరిశీలన అని కూడా రాయాలి. తప్పును వేలితో సరిదిద్దగలిగేది మట్టిలో ఉన్నప్పుడే. రెజిన్ గట్టిపడ్డాక ఆ ముక్కుకు గ్రైండరే దిక్కు.