డ్రాగన్ కిల్ పాయింట్ల వారికి ఒక ప్రీస్టు మొర

మహారాజశ్రీ డీకేపీ గారికి,

విజయవాడ నుంచి ఒక పేద ప్రీస్టు (గుడి పూజారి కాదు, ఆన్‌లైన్ ఆటలో గాయాలు మాన్పేవాడు) నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. తమరు కుశలమే, నేనే కాదు.

తమ పుట్టుక గొప్పదే. 1999లో ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో ఆఫ్టర్‌లైఫ్ అనే గిల్డు (ఆటగాళ్ల జట్టు) వాళ్లు, లేడీ వాక్స్, లార్డ్ నాగఫెన్ అనే రెండు డ్రాగన్లను చంపే లెక్క కోసం తమరిని పుట్టించారు. చంపడానికి వచ్చినవాడికి పాయింట్లు, సొత్తు దొరికితే ఆ పాయింట్లతో కొనుక్కోవడం. ఎంత ధర్మం! వింటుంటే కళ్లు చెమర్చాయి. అలా చెమర్చిన కళ్లతోనే 2019లో వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆట రాగానే ఓ యూరప్ సర్వర్ గిల్డులో చేరాను.

ఆ ఆటలో మోల్టెన్ కోర్ అనే గుహకి నలభై మందిమి. బాస్, అంటే అక్కడి పెద్ద శత్రువు, చస్తే రాలిపడే వస్తువులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆ గుహ మీద మా దండయాత్రని రైడ్ అంటారు. వాళ్ల రాత్రి 8 గంటల రైడ్ అంటే చలికాలంలో నాకు పన్నెండున్నర. నాకు నైట్ షిఫ్ట్ పడిందని మా అమ్మ పక్కింట్లో చెప్పుకుంది.

తమ లెక్కలు రాసేందుకు మాకొక ఆఫీసరు ఉండేవాడు. ఊళ్లలో కరణాలు 1984లోనే పోయారనుకున్నాం కదండీ, పోలేదు. ఎక్సెల్ షీటు పట్టుకుని మా గిల్డులో కూర్చున్నారు. వాడి పాయింట్లు ఎప్పుడు చూసినా నావాటికంటే ఇరవై ఎక్కువే. పాయింట్లు దాచుకునేవాళ్లు ఎక్కువయ్యారని వారానికి పది శాతం కోత పెట్టాడు. బంగారం కొట్లో తరుగు తీస్తారని తెలుసు, ఇక్కడ కొనకుండానే తీశారు.

నాకు కావలసింది ఒక్కటే, బెనెడిక్షన్ అనే ప్రీస్టుల కర్ర. దానికి ముందు మేజర్‌డోమో అనే బాస్ ఓడిపోయి వదిలే పెట్టెలో 'ఐ ఆఫ్ డివినిటీ' అనే కన్ను దొరకాలి. ఆ పెట్టెలో ప్రీస్టుకి కన్నైనా ఉంటుంది, హంటర్ అనే వేటగాడికి ఆకైనా ఉంటుంది. పదకొండు వారాలు తెరిచాం. ఎక్కువసార్లు ఆకే. కన్ను వచ్చిన రెండుసార్లూ నాకంటే పాత ప్రీస్టులు పాడుకున్నారు. విందుకని కూర్చున్నవాడికి విస్తరాకు మాత్రం వేసి వెళ్లినట్టుంది నా బతుకు. అయినా దాచాను. తరుగు పోగా 340 మిగిలాయి.

పన్నెండో వారం మా బాబాయి కూతురి పెళ్లి. చదివింపుల దగ్గర నోటుబుక్కు నా చేతికే ఇచ్చారు. ఎవరు 516, ఎవరు 1,116 అని నేను రాస్తున్న వేళకి అక్కడ కన్ను రాలింది. ఆ రాత్రి వచ్చిన ప్రీస్టుల్లో అది లేనివాడు ఒక్కడే, చేరి నాలుగు రోజులైన కుర్రాడు. పోటీ లేదు కనక కనీస ధరకు, అంటే పది పాయింట్లకు, ఇచ్చేశారు. వాడి దగ్గర ఉన్నవి ఆరే. మిగతా నాలుగూ అప్పు రాశారు. రైడ్‌కి రానందుకు నాకు ఇరవై కోత.

కరణాన్ని అడిగితే, "రూల్స్ అందరికీ ఒకటేగా" అన్నాడు. నిజమే, అదే నా బాధ.

తమరిని కాదని, సొత్తు ఎవరికివ్వాలో గిల్డు పెద్దలే తేల్చే లూట్ కౌన్సిల్ గడప తొక్కుదామంటే, అక్కడ వడ్డించేవాడు మనవాడు కావాలి. నాకు ఆ బంతిలో చుట్టాలెవరూ లేరు. పోనీ తమ తమ్ముడు జీడీకేపీ దగ్గరికి వెళ్దామా అంటే అది అచ్చం చిట్టీ పాట. ఆటలోని గోల్డ్ ఉన్నవాడు పాడుకుంటాడు, పాట సొమ్ము మిగతావాళ్లు పంచుకుంటారు. ఆ గోల్డ్‌ని బయట డబ్బులిచ్చి కొనేవాళ్లు ఎక్కువై, 2024లో ఆ ఆటలోనే సీజన్ ఆఫ్ డిస్కవరీ అనే రకంలో ఆ పాటనే నిషేధించారు. ఉన్నంతలో తమరే పెద్దమనుషులని ఒప్పుకోక తప్పడం లేదు.

అందుకే ఈ చిన్న మనవి. నా ఖాతాలో ఇంకా 320 ఉన్నాయి. బుధవారం ఆటలో కొత్త వారం మొదలయ్యే రీసెట్‌కి మళ్లీ తరుగు తీస్తారు. ఈలోగా అందులోంచి నాలుగు తీసి ఆ కుర్రాడి అప్పు తీర్చేయండి. వాడు కర్ర చేతబట్టుకుని రోజూ నాకు "థాంక్స్ అన్నా" అని మెసేజ్ పెడుతున్నాడు, తట్టుకోలేకపోతున్నాను.

ఇట్లు,
తమ ఖాతాదారు,
వరుసలో మూడోవాడు