బండికి తాగుడు నేర్పిన మొగుడు

(పొద్దున్నే చలి. స్కూటర్ పక్కన తెల్ల డబ్బాతో ఆయన, గుమ్మంలో ఆవిడ.)

ఆవిడ: ఏమండీ, ఏం పోశారు ట్యాంకులో?

ఆయన: స్పిరిట్. ఉన్న పెట్రోల్‌లో కలిపాను. ఇథనాల్ అంటారు, సారాలో ఉండే ఆల్కహాలే.

ఆవిడ: ఇంట్లో ఎవరికీ లేని అలవాటు దానికెందుకు చేస్తున్నారు?

ఆయన: నవ్వకు. బ్రెజిల్‌లో 1979లోనే అచ్చంగా ఆల్కహాల్‌తో నడిచే కారు అమ్మారు. ఫియట్ 147.

ఆవిడ: అది పుట్టడమే అలా పుట్టింది. మనది పెట్రోల్ తాగి పెరిగిన బండి.

ఆయన: దీనికి ఆక్టేన్, అంటే వేళకి ముందే అంటుకోకుండా ఆగే గుణం, ఎక్కువే! ఇంజన్ టకటకా కొట్టుకోదు.

ఆవిడ: కొట్టుకోవాలన్నా ముందు స్టార్ట్ కావాలిగా.

(ఆయన కిక్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పదకొండోసారి చెప్పు ఎగిరి గోడవతల పడింది.)

ఆయన: చలి. ఆల్కహాల్ ఆవిరి కావాలంటే పెట్రోల్ కంటే చాలా ఎక్కువ వేడి లాగుతుంది. ఇంజన్ చల్లగా ఉంటే మొరాయిస్తుంది.

ఆవిడ: మరి బ్రెజిల్ వాళ్ళేం చేసేవాళ్ళు?

ఆయన: (గొంతు తగ్గించి) బానెట్ కింద చిన్న పెట్రోల్ ట్యాంకు పెట్టుకునేవాళ్ళు. స్టార్ట్ చేయడానికి.

ఆవిడ: అంటే తాగినవాణ్ణి నిద్ర లేపడానికి మళ్ళీ పెట్రోలే కావాలి! పోనీ, మైలేజీ అన్నా పెరుగుతుందా?

ఆయన: లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌లో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే అనుకో. అయినా చరిత్ర చూడు. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో డీజిల్ ఇంజన్‌ని వేరుశనగ నూనెతో నడిపారు!

ఆవిడ: అందుకా నిన్న నూనె డబ్బా మూత తీసి ఉంది?

ఆయన: ఊరికే చూశానంతే.

(ఆవిడ లోపలికెళ్ళి ఒక గాజు సీసా తెచ్చి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. పైన పసుపు పొర, అడుగున నీళ్ళలాంటి పొర. మధ్యలో గీత గీసినట్టుంది.)

ఆవిడ: మీ పెట్రోలూ మీ స్పిరిటూ కలిపి, రెండు చెంచాల నీళ్ళు పోశాను. స్పిరిట్ నీళ్ళతో చేతులు కలిపి పెట్రోల్‌ని వదిలేసి అడుక్కి పోయింది.

ఆయన: అది... ట్యాంకులో నీళ్ళు చేరితేనే.

ఆవిడ: తాగినవాడు కింద పడ్డం మామూలేగా. కానీ మన ట్యాంకు గొట్టం పీల్చేది అడుగునుంచే కదా? ఈ సీసా అడుగున ఉబ్బిపోయి పడుందే, అది చూడండి. మీ పనిముట్ల పెట్టెలోని రబ్బరు వాషర్.

ఆయన: దానికోసం రెండు రోజులుగా వెతుకుతున్నానే!

ఆవిడ: నేను మూడు రోజులుగా నా కుట్టుసూది వెతుకుతున్నా.

(ఆయన డబ్బా మూత బిగించాడు. బిగించిన మూతనే మళ్ళీ బిగించాడు.)

ఆయన: కిలో పెట్రోల్ మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 చాలు. అంటే వచ్చే గాలి అంతే కాబట్టి ఇంధనం ఎక్కువ పోవాలి. అందుకని కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం, జెట్ అంటారు, దాన్ని కాస్త పెద్దది చేద్దామని...

ఆవిడ: నా సూది ఏదండీ?

ఆయన: సగం నా జేబులో ఉంది.

ఆవిడ: మిగతా సగం?

ఆయన: జెట్‌లో.

ఆవిడ: ఓహో, పొద్దుణ్ణించీ వేస్తున్న చలి అదన్నమాట!