మిస్కూ దాకా వెళ్లండి

కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ తీరం గురించిన మీ ప్రయాణ వ్యాసంలో, షెడియాక్ పట్టణం నుంచి కారాకెట్ పట్టణం దాకా చూసి వెనక్కి తిరగమని రాశారు. దయచేసి అక్కడ ఆగకండి, మిస్కూ దీవి దాకా వెళ్లండి. 1996లో వంతెన వచ్చింది కాబట్టి ఫెర్రీ టెన్షన్ లేదు. శరదృతువులో అక్కడి చిత్తడి నేలల్లో మొక్కలన్నీ ఎర్రబడి, కనుచూపు మేర కుంకుమ ఆరబోసినట్టు ఉంటుంది. చివర్లో 1856 నాటి చెక్క లైట్‌హౌస్, ఆ తర్వాత సముద్రమే.

దారి పొడవునా ఫ్రెంచ్ జెండా మీద పసుపు నక్షత్రం కనిపిస్తుంది. అది అకేడియన్ల, అంటే ఇక్కడ స్థిరపడ్డ ఫ్రెంచ్ వలసదారుల సంతతి వాళ్ల జెండా, 1884 నాటిది. 1755లో బ్రిటిష్ వాళ్లు ఊళ్లు తగలబెట్టి తరిమేస్తే, చెల్లాచెదురైన ఆ జనంలో కొందరు ఈ తీరంలో మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి.

అక్టోబర్‌లో చాలా చోట్ల మూసేస్తారు, ఫోన్ చేసి బయల్దేరండి. పుటీన్ రాపే దొరికితే వదలొద్దు: బంగాళాదుంప తురుములో పంది మాంసం పెట్టి ఉడికించిన ఉండ, చలిలో వేడివేడిగా చాలా బాగుంటుంది.