పిలవకుండా వచ్చిన జుట్టు నాచు గారికి

బరంపురం, గంజాం జిల్లా

మహారాజశ్రీ జుట్టు నాచు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారం. తమరి కుశలం నా ఉప్పునీటి చేపల తొట్టి అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. రాళ్ళ మీద, పంపు మూతి మీద, థర్మామీటరు మీద, చివరికి నత్త వీపు మీద కూడా తమరే. తమరిని తినడానికి తెచ్చిన నత్త అది. ఇప్పుడు తమరిని మోసుకుని ఊరేగిస్తోంది.

ఇక నా కుశలం. మధ్యాహ్నమంతా కొరియర్ ఆఫీసు బెంచీ మీద గడిచింది. 'అవుట్ ఫర్ డెలివరీ' అని ఫోన్లో పొద్దున్నుంచీ మెరుస్తోంది. వెళ్ళి అడిగితే కౌంటర్ కుర్రాడు తలెత్తకుండానే "కాలి ఆసంతు ఆజ్ఞా" (రేపు రండి సార్) అన్నాడు. రేపటికి అందులో ఉన్నది చచ్చిపోతుంది బాబూ అన్నాను. అప్పుడు తలెత్తి, చేపలా అని అడిగాడు. నాచు అన్నాను. మళ్ళీ తల దించేసుకున్నాడు.

సాయంత్రానికి ఎరువుల బస్తాల వెనక దొరికింది. చెన్నైలో బయల్దేరిన ఆ పార్సిల్ మా ఊరి మీదుగానే భువనేశ్వర్ దాకా పోయి, అక్కడ సేదతీరి, మళ్ళీ వెనక్కొచ్చిందట. ట్రాకింగులో శుభ్రంగా రాసుంది, దాచలేదు. కవరు విప్పితే లోపల నేను తెప్పించిన చీటో అనే నాచు లేదు, గోధుమరంగు రసం ఉంది. ఆ వాసనకి పక్క టేబుల్ ఆవిడ విప్పబోయిన టిఫిన్ డబ్బా మళ్ళీ మూసేసింది.

చీటో గురించి తమరికి నేను చెప్పాలా? పూర్తి పేరు కీటోమార్ఫా. తమరి బంధువర్గమే కానీ పద్ధతి గలది. రాయికి అంటుకోదు, ఉండలా తేలుతూ పెరుగుతుంది, పెరిగినంత పిడికిట్లో పట్టి తీసేయొచ్చు. నైట్రేటు, ఫాస్ఫేటు అదే తినేస్తే తమరికి ఆకలి చావు. నా పథకం అంతా ఇదే.

ఆ పథకం కాగితం మీద ఎంత అందంగా ఉందో! వంద లీటర్ల తొట్టి పక్కన, కాస్త ఎత్తులో, పదిహేను లీటర్ల గాజు డబ్బా. కింది నుంచి చిన్న పంపు నీళ్ళు పైకి తోస్తుంది, అవి గొట్టం గుండా వాటంతటవే దిగి వస్తాయి. ఎత్తులో ఎందుకంటే, ఆ డబ్బాలో పుట్టే కోపెపాడ్లు (రొయ్యల జాతి బుల్లి జీవాలు) పంపు రెక్కల్లో పడి నలగకుండా నేరుగా చేపల నోటికి చేరతాయి. పెద్ద తొట్టి లైటు ఆరాక ఈ డబ్బా లైటు వెలుగుతుంది. రాత్రిపూట నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోకుండా చీటో కాపలా కాస్తుంది. కరెంటు పోతే డబ్బా నీళ్ళు పంపు గొట్టంలోంచి వెనక్కి దిగి హాల్లోకి రాకుండా, నీటిమట్టానికి పైన గొట్టానికి చిన్న బెజ్జం కూడా పెట్టాను. బడా బజారులో గాజు కోయించి, సిలికోన్ అడిగితే షాపాయన బూజు పట్టని ఖరీదైన రకం తీశాడు. అందులో మందు కలుపుతారు, చేపలకి పడదు, మామూలుదివ్వండి అన్నాను. మంచి సరుకు ఇస్తానంటే వద్దన్నవాణ్ణి తన సర్వీసులో చూడలేదట.

అన్నీ సిద్ధం. ఇల్లు కట్టాను, లైటు పెట్టాను, అద్దెకి దిగాల్సినవాళ్ళే రసంగా మారి వచ్చారు.

అమ్మది ఇంకో గోల. "గోపాల్‌పూర్ సముద్రం పక్కనే పెట్టుకుని ఉప్పు కొంటావేటిరా? డబ్బులెక్కువయ్యాయేటి?" లీటరుకి 35 గ్రాముల లెక్క ఆవిడకి ఎక్కదు. నదులన్నీ వచ్చి పడే బంగాళాఖాతం వానాకాలంలో ఎంత పలచబడుతుందో చెప్పినా ఎక్కదు. నాచే కావాలంటే చిలిక సరస్సులో బోలెడు గ్రాసిలేరియా ఉందిగా అని మా బావ సలహా. ఒక కాలంలో మంచినీళ్ళు, ఇంకో కాలంలో ఉప్పునీళ్ళు తాగి పెరిగిన గడ్డి, ఏ పురుగుని వెంట తెస్తుందో ఎవరికి తెలుసు? నాన్నగారు ఏ సలహా ఇవ్వరు. నేను లేనప్పుడు, పాపం చేపలు నావైపే చూస్తున్నాయని, చిటికెడు పెల్లెట్లు వేయాల్సిన చోట గుప్పెడు వేస్తారు.

ఇవన్నీ పోనీయండి. నేను అడగదలచుకున్నది ఒకటే. తమరు ఎలా వచ్చారు?

చెన్నై నుంచా? లేదు. తమరికి థర్మోకోల్ పెట్టె కట్టారా, 'లైవ్ మెటీరియల్' అని ఎర్ర స్టిక్కర్ అంటించారా? లేదు. డబ్బు కట్టానా? పైసా లేదు. ఏ రాయి పగుల్లోనో కంటికి కనిపించకుండా దిగి కూర్చున్నారు. పిలిచినవాళ్ళు దారిలో చచ్చిపోతే, పిలవనివాళ్ళు మొదటి బంతిలో కూర్చుని మారు వడ్డించమంటున్నారు.

చీటోకి ఎండ పడదు, వ్యాన్ పడదు, భువనేశ్వర్ గాలి పడదు. మరి నీకు ఏదీ పడకపోవడం ఉండదా? టూత్‌బ్రష్‌తో గీకాను, ముక్కలై పక్క రాయికి అంటుకున్నావు. లైట్లు ఆపి తొట్టికి దుప్పటి కప్పాను. పగడాలు పాలిపోయాయి, నువ్వు మాత్రం నిద్ర లేచినట్టు లేచావు. నాచు తినే టాంగ్ చేపని తెమ్మన్నారు. వంద లీటర్లలో దాన్ని పెట్టడం పాపం. టెస్ట్ కిట్ తీస్తే నైట్రేటు సున్నా అని చూపిస్తుంది! నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని కాదు, ఉన్నదంతా నీ కడుపులో ఉందని. తిన్నది నువ్వు, సర్టిఫికెట్ నాకు.

గట్టి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు, ఇక్కడి సముద్రంలోంచి ముట్టుకోవడానికి వీల్లేదు. అందుకే నా దగ్గరున్నవి మెత్తటివి: గుప్పెడు జోవాంథిడ్లు, నాలుగు పుట్టగొడుగు పగడాలు, ఒక లెదర్ పగడం. పొద్దున్నే లైటు వెలగగానే ఆ జోవాంథిడ్లు విచ్చుకోవడం చూడటానికే ఇదంతా పెట్టుకున్నాను. ఇప్పుడవి ముడుచుకుని కూర్చున్నాయి. మీద నువ్వు పడుకుంటే ఎలా విచ్చుకుంటాయి? నువ్వు ఏ షెడ్యూల్లోనూ లేవు. నీకు ఏ చట్టమూ అక్కర్లేదు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అలాంటిది ఇంకోటి వచ్చి కరెంటు పోతే ఇందులో చేపలుండవు, పగడాలుండవు. నువ్వుంటావు. సిగ్గు లేదూ?

కాస్త మజ్జిగ తాగి మళ్ళీ రాస్తున్నాను.

అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియం‌లో వాల్టర్ ఏడీ అనే శాస్త్రవేత్త ఉండేవారు. 1980ల తొలినాళ్ళలోనే ఆయన నాచుని తొట్టిలోంచి తరమడం మానేసి, దానికి వేరే చోట జాలీ పరిచి, మీద పలచగా నీళ్ళు పారించి, గట్టిగా వెలుతురిచ్చి పెంచారు. ఆ నాచే నీళ్ళని శుభ్రం చేసింది. ఎప్పటికప్పుడు గీకి పారేయడమే పని. ఆయన వాడిందీ చీటో కాదు, తమరి లాంటివాళ్ళనే. చావమన్నా చావని గుణమే ఆ ఉద్యోగానికి అర్హత అని ఖాళీ డబ్బా ముందు కూర్చున్నాక అర్థమవుతోంది.

కాబట్టి ఆ పదిహేను లీటర్ల డబ్బా తమరికి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. గరుకు ప్లాస్టిక్ జాలీ రేపు కోస్తాను, ఎర్ర ఎల్ఈడీ ఇంట్లోనే ఉంది. డ్యూటీ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా. వారానికోసారి కటింగ్ చేస్తాను, కుదుళ్ళు వదిలేస్తాను, కోసింది కరివేపాకు మొక్కకి కాదు, చెత్తబుట్టకి పోతుంది (ఉప్పు కదా). జోవాంథిడ్ల రాయి మాత్రం వెంటనే ఖాళీ చేయాలి, దీని మీద బేరం లేదు. నత్త మీద ఉన్న శాఖని ఉంచుకుంటే ఉంచుకోండి, దానికీ అలవాటైపోయినట్టుంది.

సమ్మతమైతే జాలీ మీద పచ్చగా కనిపించండి, చాలు. సంతకం అక్కర్లేదు.

ఇట్లు,
తమరి ఇంటి ఓనరు

తా.క. జీతం లేదు. భోజనం సంగతి మా నాన్నగారు చూసుకుంటారు.