సవరణ: హీలియం-3 మీద లేజర్ నేరుగా పనిచేయదు

స్పిన్ అనేది కణాలకు సహజంగా ఉండే, ఒక దిశ గల గుణం. అది ఒకవైపు ఉన్న న్యూట్రాన్లనే దాటనిచ్చే పరికరాలు న్యూట్రాన్ స్పిన్ ఫిల్టర్లు. వాటి గురించిన గత పోస్టులో, లేజర్ హీలియం-3 (హీలియంలో తేలికైన రకం) కేంద్రకాల స్పిన్‌ను నేరుగా ఒకవైపు తిప్పుతుందని ఉంది. అది సరికాదు. గాజు సెల్‌లో హీలియంతో పాటు కాస్త రుబీడియం అనే లోహం కూడా ఉంటుంది. సెల్‌ను వేడిచేస్తే అది ఆవిరవుతుంది. 795 నానోమీటర్ల లేజర్ సర్దేది ఆ రుబీడియం ఎలక్ట్రాన్ల స్పిన్‌ను. పరమాణువులు ఢీకొంటున్నకొద్దీ ఆ స్పిన్ హీలియం కేంద్రకాలకు చేరుతుంది, దానికి గంటలు పడుతుంది. గ్రెనోబుల్‌లోని లావె-లాంజెవాన్ అనే న్యూట్రాన్ పరిశోధన సంస్థలో వాడే పద్ధతి వేరు. అందులో రుబీడియం ఉండదు, లేజర్ 1083 నానోమీటర్లది. అయినా అక్కడా కాంతి తాకేది ఎలక్ట్రాన్‌నే.

ఇంకొకటి, ఇది మరీ ముఖ్యం: తన కేంద్రకాలకు వ్యతిరేక స్పిన్ ఉన్న న్యూట్రాన్లను హీలియం వెనక్కి నెట్టదు, మింగేస్తుంది. అప్పుడు ఒక ప్రోటాన్, ఒక ట్రైటాన్ (ట్రిటియం కేంద్రకం) వెలువడతాయి.