గెయిన్ ట్రాన్సిస్టర్‌ది, ఎంపిక ట్యాంక్‌ది

ట్యూన్డ్ యాంప్లిఫయర్ (కోరిన ఫ్రీక్వెన్సీనే ఎంచి పెంచే రేడియో సర్క్యూట్) మీద మీ వ్యాసం బాగుంది సార్. కానీ అందులో కాయిల్, కెపాసిటరే సిగ్నల్‌ని పెంచుతాయని రాశారు, అది సరికాదు. పెంచేది ట్రాన్సిస్టర్. దాని కలెక్టర్‌లోని (అవుట్‌పుట్ వైపు) ట్యాంక్ సర్క్యూట్, అంటే ఆ కాయిల్, కెపాసిటర్ జంట, రెజొనెన్స్ (తన సహజ ఫ్రీక్వెన్సీ) దగ్గరే ఎక్కువ ఇంపెడెన్స్ (ఏసీ సిగ్నల్‌కి అడ్డు) చూపుతుంది కాబట్టి గెయిన్ (పెంపు) అక్కడే వస్తుంది. రేడియోలోని 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ (మధ్యంతర ఫ్రీక్వెన్సీ) దశలో క్యూ (ట్యాంక్ ఎంపిక ఎంత పదునో చెప్పే సంఖ్య) 50 ఉంటే బ్యాండ్‌విడ్త్ (దాటనిచ్చే ఫ్రీక్వెన్సీల వెడల్పు) సుమారు 9 కిలోహెర్ట్జ్. మన మీడియం వేవ్ స్టేషన్ల ఫ్రీక్వెన్సీల మధ్య తేడా కూడా అంతే! క్యూ ఇంకా పెంచితే పాటలో పై స్వరాలు పోతాయి.

తిరుపతిలో డిప్లొమా పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ (ఆ దశలోని ట్యూనింగ్ కాయిల్) కోర్‌ని ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తోనే తిప్పాలి. ఇనుపది పెడితే కాయిల్ ఇండక్టెన్స్ మారుతుంది, తీయగానే ట్యూనింగ్ మళ్లీ పక్కకు పోతుంది.

మన పక్కనే గాదంకిలోని వాతావరణ పరిశోధన రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తోంది. దాని రిసీవర్ గురించి కూడా రాయండి, పిల్లలు ఇష్టంగా చదువుతారు.