వారానికో నీలి గోలి.. ఆడపిల్లకు రక్తం పట్టేదెన్నడు?

నల్లగొండ జిల్లాలో ఒక హైస్కూలు. ఆ రోజు మధ్యాహ్న భోజనం వంట ఆలస్యమయ్యేలా ఉందని, రక్తహీనత రాకుండా వారానికోసారి ఇచ్చే ఐరన్ గోలీల్ని ప్రార్థన కాగానే పంచేశారు. టీచర్ అట్ట చింపి ఒక్కొక్కరి చేతిలో ఒక్కో నీలి గోలి పెడుతోంది. పిల్లలు వరుసగా వచ్చి నోట్లో వేసుకుని, నీళ్లు తాగి క్లాసులకు పోతున్నారు. రిజిస్టర్లో టిక్కులు పడుతున్నాయి. పావుగంట తర్వాత నల్లాల దగ్గరికి వెళ్తే సిమెంటు గచ్చు మీద నాలుగైదు చోట్ల నీలం మరకలు కనిపించాయి. నాలుక కింద దాచి ఉమ్మేసిన గోలీల పైపూత కరిగి పారిన రంగు అది.

"ఎందుకు ఉమ్మేసినవమ్మా?" అని తొమ్మిదో తరగతి పిల్లనొకదాన్ని అడిగాను. "కడుపుల తిప్పుతది సార్" అంది. పొద్దున ఏం తిన్నావంటే "చాయ్ తాగిన" అని చెప్పింది. పిల్ల చెప్పింది నిజమే. ఐరన్ గోలి ఖాళీ కడుపుతో వేసుకుంటే చాలామందికి వికారం వస్తుంది. చాయ్ మీద వేసుకుంటే అందులోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. అంటే ఆ పిల్ల గోలి ఉమ్మేయకపోయినా దానికి దక్కేది అంతంతమాత్రమే. భోజనమయ్యాక మింగించాలని నిబంధనల్లోనే ఉంది. కానీ భోజనమయ్యాక గంట కొట్టేస్తారు, తర్వాతి పీరియడ్ సారు వచ్చి నిలబడతాడు. గోలీల పని ఎవరి పీరియడ్‌లోదీ కాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, అంటే 2019-21లో, దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. తెలంగాణలో అది 64.7 శాతం. అంతకుముందు విడత కంటే తగ్గలేదు, పెరిగింది. వేలికి సూది గుచ్చి తీసిన చుక్కతో చేసే పరీక్షలో లెక్క ఎక్కువ చూపిస్తుందని ఒక వాదన ఉంది. నరం నుంచి రక్తం తీసి చేసిన 2016-18 నాటి జాతీయ పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 40 శాతం అనే వచ్చింది. వాదన సరైనదే కావచ్చు. తక్కువ లెక్కే పట్టుకున్నా క్లాసులో 30 మంది అమ్మాయిలుంటే 12 మంది. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నం క్లాసులో తలవాల్చడం, ప్రార్థనలో కండ్లు తిరిగి పడిపోవడం.. వీటన్నిటికీ మనం పెట్టుకున్న పేరు "వయసు పిల్ల గదా, నీర్సం".

అసలు చిక్కు ఇంకోచోట ఉందని నాకనిపిస్తుంది. ఈ వారం గోలి రక్తహీనతకు చికిత్స కాదు. రాకుండా చూసుకునే ఏర్పాటు. 2018లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం 'ఎనీమియా ముక్త్ భారత్' ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల పిల్లలకు వారానికొకటి ఇచ్చే ఈ గోలిలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆ కార్యక్రమం నిబంధనల్లోనే ఇంకో మాట కూడా రాసి ఉంది. రక్తం, అంటే డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్, 12 గ్రాముల కంటే తక్కువున్న అమ్మాయికి అవే గోలీలు రోజుకు రెండు చొప్పున మూడు నెలలు ఇవ్వాలి. 8 కంటే తక్కువుంటే పెద్దాసుపత్రికి పంపాలి. లెక్క వేసి చూడండి. మూడు నెలల్లో వారం గోలీలు 13. చికిత్సకు కావాల్సినవి 180. క్లాసులో రక్తం బాగున్న పిల్లకూ 13, తొమ్మిది గ్రాములున్న పిల్లకూ 13. పైగా అందులో కొన్ని నల్లాల దగ్గర.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సూచన కూడా దాదాపు ఇటే పోతుంది. రక్తహీనత 40 శాతం దాటిన చోట రజస్వల అయిన అమ్మాయిలందరికీ ఏటా వరుసగా మూడు నెలలు రోజూ ఐరన్ ఇవ్వమంటుంది. మన రాష్ట్రం లెక్క 60 దాటినా మనం వారం దగ్గరే ఆగాం. రోజూ మింగించడం బడివల్ల కాదనేది అధికారుల జవాబు. అందులో నిజముంది. కానీ అందరికీ రోజూ కాకపోయినా, తక్కువున్న పిల్లలకైనా రోజూ ఇవ్వాలంటే ముందు ఎవరికి తక్కువుందో తెలియాలి. తెలిసిన తర్వాత మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయాలి. తెగిపోతున్నది ఇక్కడే.

మా మేనకోడలు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా వాళ్ల కాలేజీలో క్యాంపు పెట్టి వేలికి గుచ్చారు. 8.7 అని చిన్న చీటీ మీద రాసి, పది గోలీల అట్ట ఒకటి ఇచ్చి, వారానికొకటి వేసుకోమన్నారు. చీటీ జామెట్రీ బాక్సులో పడి ఉంది. రెండు నెలలకు పిల్ల బస్టాండులో పడిపోయింది. మా అక్క టెన్షన్ పడి దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన 'గ్లూకోజు' ఎక్కించాడు, ఎర్రటి టానిక్ సీసా రాశాడు. అంతా కలిపి ఆరు వందలు దాటింది. సెలైన్ సీసాలో ఉండేది నీళ్లు, ఉప్పు, చక్కెర. అందులో ఇనుము చుక్క కూడా ఉండదు. ఆ మాట చెబితే మా అక్క నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ రోజుకు రెండు గోలీలు మొదలుపెట్టించింది. పొద్దున టిఫిన్ అయిన గంటకు ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి, చాయ్‌కీ గోలికీ మధ్య కనీసం గంట ఎడం. మలం నల్లగా వస్తుంది, భయపడకు అని ముందే చెప్పింది. ఈ ఒక్క మాట బడిలో ఎవరూ చెప్పరు. నల్లగా రాగానే "లోపల ఏదో అయింది" అని ఇంట్లో గోలీలు మాన్పించేస్తారు. మూడో నెల చివర మేనకోడలికి 11.6 వచ్చింది. ఇంకో రెండు నెలలు వాడితేగానీ ఒంట్లో నిల్వ నిండదని డాక్టరమ్మ అంటే, "మంచిగనే ఉంది గదా" అని మా అక్క ఆపేసింది. చదువుకున్న ఇల్లే మాది.

టానిక్‌ల సంగతి కూడా చెప్పాలి. మెడికల్ షాపులో రక్తం పట్టే సిరప్‌లు, ఐరన్ గమ్మీలు, ఆడవాళ్లకని ప్రత్యేకంగా అమ్మే పౌడర్లు వరుసగా ఉంటాయి. కొనేవాళ్లు చూడాల్సింది ఒక్కటే, 'ఎలిమెంటల్ ఐరన్' ఎంత అని. ఐరన్ లవణం బరువు వేరు, అందులో అసలు ఇనుము వేరు. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో మూడో వంతే ఇనుము. చాలా పౌడర్లలో ఒక చెంచాకు వచ్చే ఇనుము సర్కారు ఉచితంగా ఇచ్చే గోలి కంటే చాలా తక్కువ. ఇక బీట్‌రూట్ రసం! ఎర్రగా ఉంటే రక్తమవుతుందని నమ్మకం. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా లేదు. తాగితే నష్టం లేదు గానీ అదే మందు అనుకుంటే నష్టం.

తిండితోనే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో 16 నుంచి 18 ఏళ్ల అమ్మాయికి రోజుకు 32 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అదే సంస్థ పట్టికల్లో పాలిష్ పట్టిన బియ్యం వంద గ్రాములకు 0.65 మిల్లీగ్రాములు, జొన్నలు 3.95, సజ్జలు 6.42. పాలమూరు జొన్న రొట్టె, గట్క వదిలి అన్నానికి మళ్లిన దారి ఈ మూడు అంకెల్లో కనిపిస్తుంది. అలాగని నాయనమ్మల కాలంలో రక్తహీనత లేదని నేననను. జొన్నల్లోని ఫైటేట్లు ఇనుమును పట్టి ఉంచుతాయి, అంబలిలా పులియబెడితే కొంత వదులుతుంది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం మొదలుపెట్టాక జనం ఆ బియ్యాన్ని అమ్ముకోకుండా వండుకుంటున్నారు. మంచిదే. కానీ సన్నదైనా దొడ్డుదైనా పాలిష్ బియ్యం పాలిష్ బియ్యమే.

అందుకే బియ్యంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు వేయాలన్న ఆలోచన వచ్చింది. ప్రధాని 2021 ఆగస్టు 15న ప్రకటించారు. ప్రమాణాల ప్రకారం కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము. రోజుకు 300 గ్రాముల బియ్యం తినే అమ్మాయికి 8 నుంచి 13 మిల్లీగ్రాముల దాకా వస్తుంది. తీసిపారేసేదేం కాదు. కానీ మా ఊళ్లో ఆడవాళ్లు చాటలో బియ్యం చెరుగుతూ ఆ గింజల్ని "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి కోళ్లకు వేయడం నేను కళ్లారా చూశాను. నూరు గింజలకొకటి చొప్పున కలిపిన గింజను అంత ఓపికగా ఏరిన చేతులకు, అది ఏమిటో ఒక్కరు వచ్చి చెప్పి ఉంటే బాగుండేది. కోళ్లు మాత్రం బలంగా ఉన్నాయి.

ఇనుము ఒంటికి పట్టాలంటే సి విటమిన్ తోడు కావాలి. నకిరేకల్ నిమ్మ మార్కెట్‌లో ధర పడిపోయిన ఏడాది రైతులు కాయలు కోయించడం కూడా దండగని వదిలేస్తారు. అక్కడికి పది కిలోమీటర్ల దూరంలోని బడిలో పప్పన్నం మీద పిండడానికి నిమ్మచెక్క ఉండదు. వేడికి సి విటమిన్ పోతుంది కాబట్టి వంటలో వేయడం కాదు, పళ్లెంలో పిండాలి. ఇంత చవకైన ఉపాయం ఇంకోటి నాకు తెలియదు.

ఇనుమొక్కటే కారణం కాదు కూడా. 2016-18 సర్వేలో రక్తహీనత ఉన్న కౌమార పిల్లల్లో ఐదో వంతు మందికే ఒక్క ఇనుము లోపం వల్ల వచ్చింది. దాదాపు నాలుగో వంతు మందికి ఫోలేట్ లేదా బి12 లోపం. బి12 సహజంగా పాలు, గుడ్లు, మాంసం, చేపల్లోనే ఉంటుంది, నీలి గోలిలో ఉండదు. మూడు నెలలు సరిగ్గా మింగినా రక్తం పెరగని పిల్లకు ఇంకో పరీక్ష చేయాలన్నది ఇందుకే. ఇంట్లో కోడి కోసిన రోజు కార్జం ముక్క ఎవరి పళ్లెంలో పడుతుందో చూస్తే సగం సంగతి అక్కడే తెలుస్తుంది. పెద్దమనిషైనప్పుడు మాత్రం నువ్వులు, బెల్లం, కుడుకలు దంచి ముద్దలు చేసి తినిపిస్తారు. ఎంత తెలివైన ఆచారమో! నెలనెలా పోయే రక్తానికి సరిపడా నింపాలని ఎవరో ఎప్పుడో కనిపెట్టారు. ఫంక్షన్ అయిపోగానే ముద్దలూ అయిపోతాయి. నెలసరి మాత్రం ముప్పై ఏళ్లకు పైనే ఉంటుంది.

బడిలో ఉన్నవాళ్ల సంగతే ఇది. గద్వాల వైపు సీడు పత్తిలో ఆగస్టు నుంచి క్రాసింగ్ పని మొదలవుతుంది. పొద్దున్నే పూలు గిల్లి పుప్పొడి అద్దడానికి ఆడపిల్లల వేళ్లే కావాలి. ఆ రెండు మూడు నెలలు వాళ్లకు బడి లేదు, భోజనం లేదు, గోలి లేదు. చెప్పుల్లేని కాళ్లతో మట్టిలో తిరిగితే కొంకి పురుగులు ఒంట్లోకి చేరి రక్తం పీలుస్తాయి. నులిపురుగుల గోలీ ఇచ్చే ఆగస్టు 10న ఆ పిల్ల చేనులో ఉంటుంది. బడి మానినవాళ్లకు అంగన్‌వాడీలో ఇస్తారని కాగితం మీద ఉంది. పదహారేళ్ల పిల్ల కూలి ఎగ్గొట్టి గోలి కోసం అంగన్‌వాడీకి పోతుందా?

పదో తరగతి దాకా మధ్యాహ్న భోజనం ఉంటుంది. ఇంటర్ పిల్లలకూ పెట్టాలన్న మాట ఏళ్లుగా వింటున్నదే. కేంద్రం కౌమార బాలికల పోషకాహార పథకాన్ని ఈశాన్య రాష్ట్రాలకు, వెనుకబడినవని తాను గుర్తించిన 'ఆకాంక్షిత జిల్లాల'కే పరిమితం చేసింది. ఆ జాబితాలో నల్లగొండా లేదు, మహబూబ్‌నగరూ లేదు. 2022 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం న్యూట్రిషన్ కిట్లు తెచ్చినప్పుడు మొదటి తొమ్మిది జిల్లాల్లో గద్వాల, నాగర్‌కర్నూల్, వికారాబాద్ ఉన్నాయి. ఐరన్ సిరప్, ఖర్జూరం, నెయ్యి, అన్నీ ఉన్న బుట్ట అది. ఇచ్చింది గర్భిణులకు. అదే అమ్మాయి రెండేళ్ల ముందు తొమ్మిది గ్రాములతో క్లాసులో కూర్చున్నప్పుడు ఆమె ఎవరి లెక్కలోనూ లేదు.

డబ్బు పెద్ద అడ్డంకి కాదు. గోలీలు ఉచితంగానే వస్తున్నాయి, వేలికి గుచ్చే మిషన్లు ఉన్నాయి, ఆశాలు ఉన్నారు. కావాల్సింది ఒక్కో పిల్ల పేరు మీద రెండు అంకెలు: ఇప్పుడెంత, మూడు నెలల తర్వాత ఎంత. జిల్లా సమీక్షల్లో ఎన్ని లక్షల గోలీలు పంచామనే అడుగుతారు. ఎంతమంది 12 దాటారని ఎవరైనా కలెక్టరు అడగడం మొదలుపెడితే, భోజనమయ్యాక పది నిమిషాలు దానంతటదే దొరుకుతుంది.

ఆ రోజు హైస్కూలు నుంచి వచ్చేముందు, గోలి ఉమ్మేసిన పిల్లకు రక్తం ఎంత ఉందని టీచర్‌ని అడిగాను. ఆమె రిజిస్టర్ తిరగేసింది. తేదీలకు గడి ఉంది, గోలీలకు గడి ఉంది. వెతికి వెతికి చివరికి ఆ పిల్లనే పిలిచింది.

"పోయిన్యాడు సూది గుచ్చిండ్రు టీచర్" అంది పిల్ల. "ఎంతనో చెప్పలే."